గట్లాంటోడు ఎవ్వడూ లేడు

పుష్పలతకు కోపమొస్తే తునికిగుంపులో కుక్కలు కూడా దారి మార్చుకుంటాయని మరుదులు ఆటపట్టిస్తుంటారు. అది కొంచెం ఎక్కువ చేసి చెప్పే మాటే. కానీ ఆ రోజు తను టీచరుగా పనిచేసే అంగన్‌వాడీ వెనక, సిగ్నల్ దొరికే మద్దిచెట్టు కింద నిలబడి, మస్కట్ నుంచి మొగుడు చెప్పింది విన్నాక ఆమె ముఖం చూసినవాళ్ళెవరూ ఆ దారిన పోలేదు.

"నేను మనూళ్ళె లేనంటనే," అన్నాడు రవీందర్ ఫోన్‌లో.

"లేవు గదా. మస్కట్‌ల ఉన్నవ్."

"గట్ల కాదే! అసలు నేను అనేటోన్నే లేనంట. గా అడ్రసుల పాయం రవీందర్ అనేటోడు ఎవ్వడూ లేడని మనకాడి పోలీసోళ్ళు రాసి పంపిన్రంట. పాస్‌పోర్ట్ ఆపిన్రు. ఎంబసీల గిదే చెప్పిన్రు."

పుష్పలత నోటి నుంచి వచ్చిన మాటలు అంగన్‌వాడీ పిల్లలు వినకూడనివి. అదృష్టం బాగుండి వాళ్ళు అప్పటికే గుడ్లు తిని ఇళ్ళకు పోయారు.

ఊరు కదల్లేదు. ఇల్లు కదల్లేదు. పెరట్లో బొప్పాయి చెట్టు కూడా కదల్లేదు. కదిలింది జిల్లా. రవీందర్ మొదటి పాస్‌పోర్ట్ తీసుకున్నప్పుడు వాళ్ళది ఖమ్మం జిల్లా. తర్వాత భద్రాద్రి కొత్తగూడెం అయింది. పదేళ్ళు నిండి పాస్‌పోర్ట్ మార్చుకుందామని అక్కడ అర్జీ పెడితే, పాత దాంట్లో ఒక జిల్లా, ఆధార్‌లో ఇంకో జిల్లా ఉన్నాయి, మళ్ళీ ఊళ్ళో విచారణ జరగాల్సిందే అన్నారు. సరే, జరపండి, ఎవరొద్దన్నారు? మనిషి పుట్టింది ఇక్కడ, పెరిగింది ఇక్కడ, పెళ్ళాం ఇక్కడ, తల్లి ఇక్కడ. ఇంత తేలికైన పనిని కూడా చెడగొట్టగలిగారంటే వీళ్ళ తెలివికి దండం పెట్టాలి అనుకుంది పుష్పలత.

"నెలాఖరుకు నా రెసిడెంట్ కార్డు అయిపోతది పుష్పా," అన్నాడు రవీందర్. "కొత్త పాస్‌పోర్ట్ లేకుంటే కార్డు కొట్టరు. కార్డు లేకుంటే మా కంపెనోడు పొక్లెయిన్ తాళం గుంజుకుంటడు. బయట దొరికితే లోపలేస్తరు. ఇగ మళ్ళ ఈ దేశం మొకం చూసుడుండదు." రాళ్ళ గుట్టల మీద పొక్లెయిన్ నిలబెట్టి నడిపే మనిషి, ఎండకూ గాలికీ ఎప్పుడూ ఏమీ అనని మనిషి, ఇంత భయంగా మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు. దాంతో ఆమె కోపం ఇంకాస్త పెరిగింది.

"నువ్వు ఫోన్ పెట్టు. నేను చూస్త వాళ్ళ సంగతి," అంది.

మర్నాడు పొద్దున్నే మండలం స్టేషన్‌లో ఉంది.

విచారణకు వచ్చిన కానిస్టేబుల్ ఎవరని అడిగితే ఒక కుర్రాణ్ణి చూపించారు. మీసం కూడా సరిగ్గా రాలేదు. మధిర వైపు పిల్లవాడు, మాట మెత్తగా ఉంది. పుష్పలత ఆ మెత్తదనాన్ని పట్టించుకోలేదు.

"మా ఊరికి రాకుండనే వచ్చినట్టు రాసినవా? స్టేషన్ల కూసొని రాసినవా? బతికున్న మనిషిని లేడని ఎట్ల రాస్తవయ్యా, నీ చెయ్యెట్ల వచ్చింది?"

"రాలేదంటారేంటండీ, వచ్చానండి," అన్నాడతను కంగారుగా. "మూలమలుపు దగ్గర ఒకతను మిరపకాయల బస్తా ఎత్తుతుంటే అడిగాను. అలాంటివాడు లేడన్నాడు. లోపలికొచ్చి ఒక పెద్దాయన్ని అడిగాను. గుబురు మీసాలు, చుట్ట కాలుస్తున్నాడు. ఆయనా లేడన్నాడు. అయినా ఊరుకోకుండా ఇంకా లోపలికి వెళ్ళానండి. ఒక ముసలావిడ వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తోంది. 'రవీందరా? గట్లాంటోడు ఎవ్వడూ లేడు సార్' అంది. పాపం, చెంబుతో చల్లటి నీళ్ళు కూడా ఇచ్చింది."

పుష్పలత ఒకడుగు ముందుకేసింది. "ఏ ఇల్లు?"

"నీలం తలుపులండి. లోపల గోడ మీద పెద్ద ఫొటో కనిపించింది. పసుపుపచ్చ పొక్లెయిన్ పక్కన ఒకాయన కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడి…"

"గాయనే," అంది పుష్పలత. "గాయనే మా ఆయన."

"మరి ఆ ముసలావిడ?"

"మా అత్త. ఆయన్ను కన్న తల్లి."

మూల కుర్చీలో ఉన్న హెడ్ కానిస్టేబుల్ పకపకా నవ్వాడు. నెరిసిన క్రాపు, బానపొట్ట, ఈ అడవిలోనే ఉద్యోగమంతా చేసిన మనిషి. ఆయన నవ్వితే అందరూ నవ్వారు. మధిర కుర్రాడు మాత్రం నవ్వలేదు, తల దించుకున్నాడు. "మళ్ళ విచారణ కావాల్నని అర్జీ ఇచ్చి పో," అన్నాడు హెడ్డు కళ్ళు తుడుచుకుంటూ. "వారంల వస్తం. ఈసారన్న మీ అత్తకు కొడుకు ఉన్నడో లేడో యాదిజెయ్యి."

ఆటోలో వస్తున్నంతసేపూ ఆ నవ్వు చెవుల్లోనే ఉంది. పోలీసుల మీద ఎక్కిన కోపమంతా ఇప్పుడు దిగి, తిరిగి, ఊరి మీదికి మళ్ళింది. మూలమలుపు దగ్గర ఆటో ఆగేసరికి ఎదురుగా హేమ్లా కనిపించాడు, ఊరి పెద్ద పగిడయ్య మిరపచేలో నుంచి బస్తా మోసుకొస్తూ. మూలమలుపు దగ్గర బస్తా ఎత్తిన మనిషి ఇంకెవరు ఉంటారు?

హేమ్లా ఈ ఊరివాడు కాదు. చిన్నప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని రాష్ట్రం సరిహద్దు అవతల నుంచి అడవిలో నడిచి వచ్చాడు. అక్కడ వాళ్ళ ఊరు తగలబడింది. ఎవరు తగలబెట్టారో అతను ఎప్పుడూ చెప్పడు. తల్లి పోయింది. ఊరి చివర గుడిసెలో ఒక్కడే ఉంటాడు, ఎవరు పిలిస్తే వాళ్ళ చేలోకి పోతాడు. ఆధార్ లేదు, రేషన్ లేదు, ఏ సర్కారు కాగితంలోనూ అతని పేరు లేదు.

"రా, ఇట్ల రా," అని పిలిచింది పుష్పలత. "పోలీసాయనకు మా ఆయన లేడని చెప్పినవా నువ్వు?"

హేమ్లా బస్తా దించాడు. "అక్కా, డ్రెస్సు చూసిన. నోట్లకెల్లి గదే మాట వచ్చింది."

"ఎట్ల వస్తదిరా? మీ రవన్న నీకు ఏం తక్కువ చేసిండు? వచ్చినప్పుడల్లా నీకు అంగీలు తేలేదా? మస్కట్‌ల ఆయనకు పాస్‌పోర్ట్ ఆగింది నీ నోటి వల్ల! కాయితం లేనోడివి, అసలు ఈ ఊళ్ళె లేనోడివి నువ్వు! నువ్వు మా ఆయన లేడంటవా? రేపు వాళ్ళు మళ్ళ వస్తరు. ఎవడు లేడో, ఎవడు ఉన్నడో నిన్ను చూపించి మరీ చెప్త!"

అనేసింది. అన్నాక ఆ మాట వెనక్కి తీసుకోవాలని కూడా అనిపించలేదు ఆమెకు, అంత మండిపోతోంది. హేమ్లా బస్తా మళ్ళీ భుజానికెత్తుకుని పోయాడు.

ఇంటికి వచ్చేసరికి అత్త రామక్క వాకిట్లో ఇప్పపువ్వు చేటలో చెరుగుతోంది. కోడలి నడక చూడగానే సంగతి అర్థమైనట్టుంది, చేట పక్కన పెట్టింది.

"అత్తా, నీకు కొడుకున్నడా?"

"ఏం మాటే అది?"

"అడుగుతున్న, చెప్పు! ఉన్నడా, లేడా? నీళ్ళిచ్చి మరీ లేడని చెప్పినవంట గదా! గోడ మీద ఇంత ఫొటో పెట్టుకొని! స్టేషన్ల నన్ను చూసి నవ్విన్రు. దున్నపోతు లెక్క పొట్టేసుకొని గా హెడ్డు కండ్లల్ల నీళ్ళొచ్చేదాంక నవ్విండు. నీ కొడుకును నువ్వే లేకుండ చేసినవ్!"

రామక్క ముందు కోయ భాషలో ఏదో గొణిగింది. తర్వాత లేచి నిలబడింది. ఎత్తు తక్కువ మనిషి, కానీ కోపంలో కోడలికేమీ తీసిపోదు.

"నువ్వు టేకులపల్లి రోడ్డు మీద పెరిగినదానివి," అంది. "మీకాడ పోలీసాయన వస్తే చాయ్ పోస్తరు. మాకాడ ఏమయితదో నీకేం ఎర్క? నీ మొగడు నా కడుపుల ఉన్నప్పుడు ఒకాయన వచ్చిండు. మంచిగనే అడిగిండు. నీళ్ళడిగి తాగిండు. పాయమోళ్ళ ఇల్లేదన్నడు. పక్కింటోడు మంచోడు, చెయ్యి చాపి చూపించిండు. ఇంకేముంది! మీ మామను తీస్కపోయిన్రు. రాత్రిపూట అడివిలకెల్లి వచ్చినోళ్ళకు బువ్వ పెట్టిండంట. పెట్టక ఏం చేస్తడు, తుపాకి పట్టుకొని అడిగితే? మళ్ళ ఇంటికొచ్చినప్పుడు ఒక చెవి వినపడదు. ఇగ ఆ తర్వాత రాత్రోళ్ళు వచ్చి, పోలీసోళ్ళకు మా పేర్లు చెప్పినవా అని ఇంకోసారి కొట్టిన్రు. పగలు పేరు చెప్తే రాత్రి దెబ్బలు, రాత్రి పేరు చెప్తే పగలు దెబ్బలు! అప్పటిసంది ఈ ఊళ్ళె ఎవడడిగినా ఒకటే మాట. నా కొడుక్కు నడక రాకముందే గా మాట నేర్పిన."

పుష్పలతకు ఈ కథ ఎవరూ చెప్పలేదు. పోయిన మామగారికి ఒక చెవి వినపడేది కాదని తెలుసు, ముసలితనం అనుకుంది. అంగన్‌వాడీలో తను రోజూ పిల్లల్ని నిలబెట్టి నీ పేరేంది, మీ నాయిన పేరేంది, మీ ఊరేంది అని అడుగుతుంది. చక్కగా చెప్పిన పిల్లకు చప్పట్లు కొట్టిస్తుంది. సాయంత్రం ఇళ్ళకు పోయాక అదే పిల్లలకు ముసలమ్మలు ఇంకో పాఠం చెబుతున్నారన్నమాట.

అయినా ఆమె కోపం తగ్గలేదు. దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియక ఇంకా ఎక్కువైంది.

"అదంతా అయిపోయింది అత్తా. ఇప్పుడు చెప్పకుంటే నీ కొడుకు జైల్ల పడతడు."

రామక్క చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "చెప్త," అంది చివరికి. "నా కొడుకు పేరు మట్టుకే చెప్త. ఇంకో పేరడిగితే సచ్చినా చెప్ప."

ఆ వారమంతా పుష్పలత ఇల్లిల్లూ తిరిగింది. పగిడయ్య దగ్గర మొదలుపెట్టింది. "రవీందర్ ఎవరు మామా?" అని అడిగితే చుట్ట తీసి, "మా పాయమోళ్ళ పిలగాడు," అన్నాడు. "మంచిగ చెప్పినవ్. ఇప్పుడు నేను పోలీసును. చెప్పు, రవీందర్ ఎవరు?" పగిడయ్య నోరు తెరిచాడు, మూశాడు, మీసం దువ్వుకున్నాడు. "గట్లాంటోడు…" అన్నాడు. పుష్పలత నెత్తి కొట్టుకుంది. రుక్మిణి అనే ముసలామె పేరు చెప్తాను గానీ తలుపు సందులోంచి చెప్తానంది. ఇంకొకాయన రవీందర్ పేరుకు బదులు తన పేరు చెప్పి వణికిపోయాడు. వీళ్ళకు నేర్పడం కన్నా అంగన్‌వాడీలో మూడేళ్ళ పిల్లలకు నేర్పడం నయం అని ఆమె కేకలేసింది. వాళ్ళు నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. నెలాఖరు దగ్గరపడుతోంది.

పోలీసులు చెప్పిన రోజుకే వచ్చారు, మధిర కుర్రాడు బండి నడుపుతుంటే వెనక హెడ్డు. అంగన్‌వాడీ వెనక చాప పరిచి, కుర్చీ వేశారు. ఊరంతా చేరింది. మద్దిచెట్టు కింద అయితేనే సిగ్నల్ ఉంటుంది, అదీ ఫోన్ పైకెత్తి పట్టుకుంటేనే. రవీందర్‌ను వీడియోలో చూపిస్తే మంచిదని కుర్రాడే ఫోన్ చేసి చెప్పాడు. ఎవరు పట్టుకోవాలి అనుకునేలోపు జనంలోంచి హేమ్లా ముందుకొచ్చాడు.

"నేను పట్టుకుంట అక్కా. నా వల్లనే గదా అయింది."

పుష్పలత అతని ముఖం వైపు చూడకుండానే ఫోన్ చేతికిచ్చింది. ఊళ్ళో అందరికన్నా పొడుగు అతనే. ఫోన్ పైకెత్తాడు. తెర మీద రవీందర్ వచ్చాడు, నెత్తిన పసుపు టోపీ, వెనక తెల్లటి ఎండ. "తమ్మీ, జర ఇంకింత పైకి పట్టు," అన్నాడు. హేమ్లా పట్టాడు.

విచారణ మొదలైంది. ముందు పగిడయ్య గొంతు సవరించుకుని, "పాయం రవీందర్. మా ఊరోడే. నా కండ్ల ముందట పెరిగిండు," అన్నాడు, ఒక్క ముక్క కూడా తడబడకుండా. రుక్మిణి తలుపు సందులోంచి కాకుండా బయటికొచ్చి చెప్పింది. ఒక్కొక్కరూ చెబుతుంటే పుష్పలత గుండె కొద్దికొద్దిగా కుదుటపడింది. కడకు రామక్క లేచింది.

"నా కొడుకు," అంది. "నేను కన్న. పోయినసారి లేడన్న, గది భయంతోటి అన్న. ఉన్నడు. రాసుకో."

కుర్రాడు ట్యాబ్‌లో ఫొటోలు తీశాడు, ఇల్లు, ఆధార్, రామక్క, గోడ మీది పొక్లెయిన్. "అంతా సరిపోయిందండి. పంపేయడమే," అన్నాడు.

"ఆగు," అన్నాడు హెడ్డు.

కుర్చీలో వెనక్కి వాలి ఊరందరినీ ఒకసారి చూశాడు. "ఇన్నేండ్ల సంది ఈ ఊరికి వస్తున్న. మీకు నోరున్నదని ఇయ్యాలనే తెలిసింది. సంతోషం. అదే నోటితోటి ఇంకొక్క మాట చెప్పున్రి. ఈడ హేమ్లా అనేటోడు ఉంటున్నడట, అవతలికెల్లి వచ్చినోడు. యాడుంటడు?"

ఎవరూ కదల్లేదు. ఎవరూ చెట్టు వైపు చూడలేదు. పగిడయ్య చుట్ట ఆరిపోయింది, దాన్నే పీలుస్తున్నాడు. హెడ్డు చూపు పుష్పలత మీదికి వచ్చింది.

"నువ్వు సదువుకున్నదానివి. స్టేషన్‌కొచ్చి అంత లొల్లి జేసినవ్. చెప్పు. నీ మొగనికి గా బటన్ ఒక్కటే మిగిలింది."

అప్పుడు పుష్పలతకు అసలైన కోపం వచ్చింది. ఇంతకు ముందువన్నీ దీని ముందు ఉత్తవే. ఒక పేరు కోసం వారం రోజులు ఊరి నోళ్ళు తెరిపించింది తనే. ఆ తెరిచిన నోళ్ళలో చెయ్యి పెట్టి ఇంకో పేరు లాగుదామని కూర్చున్నాడు ఈ మనిషి. మూలమలుపు దగ్గర తను అన్న మాట గుర్తొచ్చింది. నిన్ను చూపించి మరీ చెప్త. చూపించడానికి వేలు ఎత్తితే చాలు, నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. హేమ్లా ఆమె వైపు చూడటం లేదు. ఫోన్ పట్టుకున్న చెయ్యి మాత్రం కిందికి దించలేదు.

"గట్లాంటోడు ఎవ్వడూ లేడు సార్," అంది.

హెడ్డు నవ్వాడు. "పోయినసారి మీ అత్త గూడ గిదే మాటన్నది."

"అవ్, అన్నది. పోయినసారి చెప్పింది అబద్ధం. ఈసారి నిజం."

హెడ్డు ముఖంలో నవ్వు పోయింది. కుర్చీలోంచి లేచి చెట్టు కిందికి వచ్చి, ఫోన్ తెర వైపు ముఖం పెట్టాడు. ఫోన్ పట్టుకున్న మనిషి వైపు కన్నెత్తి చూడలేదు. "ఏం రవీందర్, వినవడుతుందా? మీ ఇంటిదానికి తెల్వదంట. నీ పాస్‌పోర్ట్ నా చేతిల ఉంది. ఎవరికోసమో నీ బతుకు పాడు చేసుకోకు. హేమ్లా ఎవడో నువ్వు చెప్పు."

తెర మీద రవీందర్ అలాగే ఆగిపోయాడు. సిగ్నల్ పోయిందో, మనిషే ఆగాడో ఎవరికీ తెలియలేదు. పుష్పలత కొంగు నోట్లో కుక్కుకుంది. చెప్పెయ్యి అనాలనిపించింది, చెప్పకు అనాలనిపించింది. జైలు, కార్డు, పొక్లెయిన్ తాళం అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి.

"హేమ్లానా సార్?" అన్నాడు రవీందర్. "తెల్వదు సార్. మా ఊళ్ళె గట్లాంటోడు ఎవ్వడూ లేడు."

రామక్క ఒక్కసారిగా చేతులు చరిచింది. "విన్నవా సార్? ఇగ రాసుకో. నా కొడుకు ఈ ఊరోడే!"

హెడ్డు వెనక్కి తిరిగాడు. "ట్యాబ్ ఇటియ్యి," అన్నాడు కుర్రాడితో, పళ్ళు కొరుకుతూ.

"పంపేశాను సార్," అన్నాడు మధిర కుర్రాడు. చెవులు ఎర్రబడ్డాయి. "సిగ్నల్ పోతుందేమోనని… ఇందాకే పంపేశాను."

హెడ్డు అతన్ని తిట్టిన తిట్లు బండి స్టార్టయ్యాక కూడా వినిపించాయి. ఆ కుర్రాడికి తర్వాత ఏమైందో తునికిగుంపులో ఎవరికీ తెలియదు. మళ్ళీ వస్తానని హెడ్డు వేలు చూపించి మరీ పోయాడు. వస్తాడు. రాకుండా ఉంటాడా?

దుమ్ము సద్దుమణిగాక పుష్పలత చెట్టు కిందికి నడిచింది. హేమ్లా చెయ్యి పైకే ఉంది. దించవచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు. ఫోన్‌లోంచి రవీందర్ అడుగుతూనే ఉన్నాడు.

"పోయిన్రానే? ఏమయిందే? పుష్పా, అయిపోయిందా?"

ఆమె హేమ్లా ముఖం చూసింది, ఆ వారంలో మొదటిసారి.

"నీదైతే అయిపోయింది," అంది.